లక్ష్మీదేవమ్మ చార్జి అప్పగింత

రాజశేఖర్ ఢిల్లీలో ఐదేళ్లుండి, ప్రజా పరిపాలనలో నాయకత్వం మీద డాక్టరేటు తెచ్చుకుని, నాగర్‌కర్నూల్‌లో పంచాయతీ కార్యదర్శులకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాడు. సొంతూరు వనపర్తి. ఆ ఉద్యోగం ఏమిటో వాళ్ల నాన్నకు ఇప్పటికీ సరిగ్గా అంతుపట్టలేదు. "ఆఫీసర్లు ఎట్లుండాల్నో మావోడు చెప్తడు" అని నలుగురిలో గర్వంగా అనేవాడు గానీ, "మీవోడు ఎప్పుడన్న ఆఫీసర్‌గ చేసిండా" అని ఎవరైనా అడిగితే వానల సంగతి ఎత్తేవాడు.

మొదటి శిక్షణ మూడు రోజులు. మూడు జిల్లాల నుంచి ముప్పైమంది కార్యదర్శులు వచ్చారు. రాజశేఖర్ ఉపన్యాసాలు ఇవ్వదలచుకోలేదు. కేస్ స్టడీలతో చెప్పాలని పట్టుదల. ఎక్కడో నిజంగా జరిగిన చిక్కును కథలాగా రాసి అందరి చేతికీ ఇస్తారు. ఆ అధికారి కుర్చీలో నువ్వుంటే ఏం చేసేవాడివని అడుగుతారు. అందరూ వాదించుకోవాలి. ఆ వాదనలోంచే నాయకత్వం పుట్టుకొస్తుందని అతని నమ్మకం.

అతను తెచ్చిన కేసు పద్నాలుగు పేజీలు. ఎక్కడో చలిదేశంలో సముద్రం ఒడ్డున ఒక పట్నం. అక్కడి పడవల సంస్థకు పీటర్సన్ అని ఒక డైరెక్టరు. పడవల వేళలు మారుద్దామంటే ఎవరూ ఒప్పుకోరు. రాజశేఖర్ రెండు వారాలు కూర్చుని దాన్ని తెలుగులోకి తెచ్చాడు.

"పీటర్సన్ తన భాగస్వాములందరినీ ఒప్పించాలి. ఎలా ఒప్పిస్తాడు?" అని అడిగాడు.

రాజోలి వైపు నుంచి వచ్చిన పాల్ అనే కార్యదర్శి చెయ్యెత్తాడు. "ఎంతమంది సార్ ఆయనకు?"

"ఎవరు?"

"భాగస్వాములు."

"పదకొండుమంది."

"అయితే పడవల సంగతి తర్వాత సార్. ముందుగాల ఆయన ఇంటి సంగతి చూడాలె."

నవ్వులు తగ్గేసరికి ఐదు నిమిషాలు పట్టింది. రాజశేఖర్ ఓపిక పట్టి, వెనక వరుసలో ఫ్యాను కింద సరిగ్గా చోటు చూసుకుని కూర్చున్న పెద్దాయనను లేపాడు. ఆయన పేరు జంగయ్య. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. సర్వీసులో పద్దెనిమిది ఊళ్లు తిరిగిన మనిషి.

"మీరైతే ఏం చేస్తారు జంగయ్యగారూ?"

జంగయ్య నిజాయితీగా ఆలోచించాడు. "మెడికల్ లీవు పెడ్త సార్."

"అది పరిష్కారం కాదు కదా."

"పీటర్సన్‌కు కాదు సార్. నాకైతది."

పాల్ అందుకున్నాడు. "నేనైతే పై ఆఫీసుకు లెటర్ రాస్త సార్. వాళ్లు వివరాలు పంపమని కిందికి రాస్తరు. నేను పంపుత. వాళ్లు మళ్ల రాస్తరు. అంతల నాకు బదిలీ అయితది."

ముప్పైమందీ తల ఊపారు. ఆ రోజు మొత్తంలో క్లాసంతా ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క మాట మీదనే.

సాయంత్రం రాజశేఖర్ పద్నాలుగు పేజీల కట్టలు ముప్పై తిరిగి బీరువాలో పెట్టి తాళం వేశాడు. వెళ్లబోతున్న వాళ్లను ఆపి, "రేపు మీలో ఎవరైనా మీ ఊరి చిక్కే ఒకటి తీసుకురండి. పేర్లు చెప్పొద్దు. దాన్నే కేసుగా చర్చిద్దాం" అన్నాడు.

మర్నాడు నవ్య లేచింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. అమరచింత దగ్గర ఒక ఊళ్లో ఎనిమిది నెలలుగా కార్యదర్శి. ముందే కాగితం మీద రాసుకొచ్చింది.

"మా ఊర్ల రెండు గేర్లున్నయి సార్. మీది గేరి, కింది గేరి." కన్నడ సరిహద్దు కావడంతో అటు వీధిని గేరి అంటారు. "ట్యాంకు నీళ్లు ఏ గేరికి ఎప్పుడు పోవాల్నో తిప్పే వాల్వు ఒకామె ఇంటి ముంగట ఉంది. దాన్ని తిప్పే ఇనుప రాడ్డు ఆమె దగ్గరనే ఉంటది. ఆమె వార్డు మెంబరు గాదు, జీతం తీస్కునే మనిషి గాదు. పదకొండేండ్ల సంది ఊరి నీళ్లన్నీ ఆమె చేతులనే ఉన్నయి. తెల్లారగట్ల నాలుగింటికే వదులుతదని మీది గేరోళ్లు దరఖాస్తు పెట్టిండ్రు. ఏడింటిదాంక వదలదని కింది గేరోళ్లు పెట్టిండ్రు. ఎవరింట్ల ఫంక్షనున్నా ఆమె వాకిట్ల నిలబడి బతిమాలాలె. ఇద్దరు సర్పంచులు మారిండ్రు. ఆమె మారలే."

"మీరేం చేశారు?"

"నోటీసు ఇచ్చిన సార్. ఏడు దినాలల్ల సంజాయిషీ ఇయ్యాలని."

"ఇచ్చిందా?"

నవ్య గొంతు తగ్గింది. "నోటీసును మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది సార్. డబ్బా కదులుతుందంట."

రాజశేఖర్‌కు ఒళ్లు పులకరించింది. పదవి లేని అధికారం. అతని సిద్ధాంత గ్రంథంలో మూడో అధ్యాయం మొత్తం దాని మీదే. అలాంటి మనిషి ఒకరు తను పుట్టిన జిల్లాలోనే, బియ్యం డబ్బా పక్కన ఉందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

క్లాసును నాలుగు గుంపులు చేశాడు. చార్టులూ స్కెచ్ పెన్నులూ పంచాడు. నిన్నటి జనమేనా అన్నట్టు అందరూ నేల మీద బోర్లా పడుకుని మరీ రాశారు. మొదటి గుంపు, పోలీసులను తీసుకెళ్లి రాడ్డు స్వాధీనం చేసుకోవాలంది. రెండో గుంపు, వాల్వునే పెకిలించి పంచాయతీ ఆఫీసు ముందు పెట్టాలంది. పాల్ గుంపు ఆమెకు సన్మానం చేయాలంది.

"సన్మానం దేనికి?"

"శాలువ కప్పేటప్పుడు ఎవరైనా రెండు చేతులు జోడిస్తరు సార్. రెండు చేతులు జోడిస్తే రాడ్డు కింద పెట్టాలె గద."

నాలుగో గుంపు జంగయ్యది. వాళ్ల చార్టు తెల్లగానే ఉంది. జంగయ్య మాత్రం ఎన్నడూ లేనిది కళ్లు పెద్దవి చేసుకుని మేలుకుని ఉన్నాడు.

"అమ్మా నవ్యా, ఆమె ఇంటి పక్కన పిండి గిర్ని గిట్ల ఏమన్న ఉంటదా?"

"ఉంటది సార్. మీకెట్ల తెలుసు?"

"ఊకె అడిగిన" అని జంగయ్య సీసా ఎత్తి నీళ్లన్నీ గటగటా తాగేశాడు.

రాజశేఖర్ అది పట్టించుకునే స్థితిలో లేడు. మూడో రోజు చర్చ ఈ గదిలో కాదు, ఆ ఊళ్లోనే అని ప్రకటించాడు. శాలువ పథకం అందరికీ నచ్చింది కాబట్టి ముందు అది, కాకపోతే మిగతావి అనుకున్నారు.

పొద్దున బస్సు బయలుదేరే ముందు జంగయ్య కడుపు పట్టుకుని వచ్చాడు.

"నొప్పి లేసింది సార్. నేను రాలేను."

"రాకపోతే సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదు జంగయ్యగారూ."

"నాకేం జేసుకోను సార్ సర్టిఫికెట్."

"అయితే గైర్హాజరని మీ ఆఫీసుకు రాయాల్సి వస్తుంది."

జంగయ్య బస్సెక్కి, చిట్టచివరి సీట్లో కూర్చుని, తువ్వాలు తల మీదుగా కప్పుకున్నాడు. వనపర్తిలో బస్సాపి శాలువా పూలదండా కొన్నారు. ఆత్మకూరు దాటాక పాల్ ఉపన్యాసం రెండుసార్లు అప్పజెప్పుకున్నాడు. రెండోసారి నవ్యకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఊరు సింగంగట్టు. పిండి గిర్ని పక్కనే లక్ష్మీదేవమ్మ ఇల్లు. ఆమెకు అరవై దాటాయి. వాకిట్లో చాప మీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. బస్సు దిగి చార్టులు చుట్టలు చుట్టి చంకల్లో పెట్టుకుని వస్తున్న మందను చూసి, చేతిలో పని ఆపకుండానే అడిగింది.

"ఏ పార్టోళ్లు బిడ్డా? ఎలక్షన్లు అయిపాయె గద."

"పార్టీ కాదు పెద్దమ్మ, మేము సెక్రెటరీలం" అంది నవ్య.

"గింతమందా? ఒక్కరొస్తేనే ఎక్కువైతుండె."

పాల్ ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. ఈ ఊరి దాహం తీర్చిన మాతృమూర్తి అని మొదలుపెట్టి, పదకొండేళ్ల నిస్వార్థ సేవ దగ్గరికి వచ్చేసరికి నవ్య శాలువ విప్పింది. లక్ష్మీదేవమ్మ శాలువ వైపు చూసింది, దండ వైపు చూసింది, వెనక చెమటలు తుడుచుకుంటున్న రాజశేఖర్ వైపు చూసింది.

"ఈ ఎండల శాలువ ఏంది బిడ్డా. రాడ్డు కోసం వచ్చిండ్రా?"

గురువు కాబట్టి జవాబు చెప్పే పని రాజశేఖర్ మీద పడింది. "అవునమ్మా. అంటే, ఆ విషయం మీతో కూర్చుని, అన్ని కోణాల నుంచి చర్చించి..."

ఆమె ఒడిలోని పొట్టు దులుపుకుని లోపలికి వెళ్లింది. పాత చీరపేలికలో చుట్టి, నూనె రాసి ఉన్న ఇనుప రాడ్డు తెచ్చి నవ్య చేతుల్లో పెట్టింది.

"తీస్కో."

రెండో గుంపువాళ్లు తమ చార్టును మెల్లగా వీపు వెనక్కి జరిపారు.

"మరి ఇన్ని దినాలు ఎందుకియ్యలే పెద్దమ్మ?" అంది నవ్య.

"నువ్వు అడిగితివా? కాయితమిస్తివి. నాకు సదువు రాదు. కూసో బిడ్డా అంటే కూసోకుంట పోతివి." ఆమె మాటల్లో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. "నీకంటె ముందు ఆరుగురొచ్చిండ్రు. వాళ్లను నేనే అడిగిన, జర తీస్కోండ్రి సారూ అని. 'నడుస్తుంది గదమ్మా, నడవనీ' అన్నరు. అందరిదీ గదే మాట."

రాజశేఖర్ నోట్‌బుక్ తీశాడు. "అసలు ఇది మీకు ఎవరిచ్చారమ్మా?"

"జంగయ్య సారు. నీళ్లు వదిలే మనిషి పానం బాగలేక చచ్చిపాయె. సారుకు గదే వారం బదిలీ ఆయె. పోతపోత నా చేతుల పెట్టి, 'అక్కా, వారం దినాలు జర చూస్కో, వచ్చి తీస్కపోత' అన్నడు. పదకొండేండ్లాయె. మంచోడే. ఉన్నడో పోయిండో."

అక్కడున్న తలలన్నీ ఒక్కసారే బస్సు వైపు తిరిగాయి. చివరి కిటికీలో తువ్వాలు ఒకటి గబుక్కున కిందికి దిగిపోయింది.

లక్ష్మీదేవమ్మ చెప్పులేసుకుని బస్సు దగ్గరికి నడిచింది. వెనక రాజశేఖర్, అతని వెనక క్లాసంతా. ఆమె మెట్టెక్కి చూస్తే జంగయ్య సీటు కిందికి వంగి ఉన్నాడు.

"ఏం దేవులాడుతున్నవు సారూ?"

"చెప్పు పోయిందక్కా."

"రెండూ నీ కాళ్లకే ఉన్నయి."

జంగయ్య లేచి కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్లీ తుడుచుకున్నాడు. ఆయన ఏదో ఒక సాకు చెబుతాడని రాజశేఖర్ ఎదురుచూశాడు. ఈ మూడు రోజుల్లో ఆయన నోట సాకులు తప్ప వేరే మాట వినలేదు.

"మర్సిపోలే అక్కా" అన్నాడు జంగయ్య. "మొదటి వారం కొత్త ఊర్ల పనిలవడ్డ. రెండో వారం, రేపు పోత ఎల్లుండి పోత అనుకున్న. నెల దాటినంక సిగ్గయింది. ఏడాది దాటినంక ఏం మొఖం పెట్టుకొని రావాలె? ఈ తొవ్వల బస్సెక్కుడే బంద్ జేసిన."

"నేను తిడ్తననుకున్నవా?"

"తిడితే బాగుండు."

లక్ష్మీదేవమ్మ ఎదురు సీట్లో కూర్చుంది. "నా చెల్లె బిడ్డ పెండ్లి రాయచూర్ల అయింది సారూ. పొద్దున పోయి మాపటికి వచ్చిన. అక్షింతలేసే యాళ్లకు నేను బస్సుల ఉన్న. తెల్లారితే నీళ్లు ఎవరిడుస్తరని. కొడుకు అన్నడు, నీకెందుకమ్మా అని. సారు వారం అన్నడు, వస్తడు అన్న. తర్వాత తర్వాత వాడు అడుగుడు బంద్ జేసిండు."

జంగయ్య తల దించుకున్నాడు. రాజశేఖర్ చేతిలో నోట్‌బుక్ ఉంది గానీ పెన్ను మూత తీయలేదు. మూడో అధ్యాయంలో తను రాసిన అధికార దాహం, వనరులపై పట్టు అనే మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చి చెవులు వేడెక్కాయి. ఈ మనిషిని లొంగదీసుకోవడానికి మూడు పథకాలు వేయించాడు. మూడింటిలో ఒక్కదానిలో కూడా ఆమెను పలకరించాలన్న అంశం లేదు.

"దిగు" అంది లక్ష్మీదేవమ్మ. "ఊకె ఇచ్చిపోతే మళ్ల గిట్లనే అయితది. మీ సెక్రెటరీలు పోయేటప్పుడు ఒకరికొకరు చార్జి రాసిస్తరు గద. నాకూ గట్లనే రాయుండ్రి. నేను జంగయ్య సారుకు ఇచ్చినట్టు, జంగయ్య సారు ఈ పిల్లకు ఇచ్చినట్టు. నేను ఏలుముద్ర ఏస్త."

రాయడానికి రాజశేఖర్ కూర్చున్నాడు. పల్లికాయల చాప మీద, బియ్యం డబ్బా మూత ఒళ్లో పెట్టుకుని. అరపేజీలో అయిపోతుందనుకున్నాడు.

ఒకటి, ఇనుప రాడ్డు అని రాసి ఆగాడు.

"మీది గేరికి నాలుగింటికే ఇడువాలె" అని లక్ష్మీదేవమ్మ మొదలుపెట్టింది. "ట్యాంకు నిండుగ ఉంటేనే నీళ్లు మీదికెక్కుతయి. కింది గేరికి ముందు ఇడిస్తే మీదోళ్లకు గాలొస్తది, నీళ్లు రావు. కింది గేరి ఏడింటికి. గిర్ని ఎనుక నాలుగిండ్లకు పైపు సన్నగుంటది, వాళ్లకు అరగంట ఎక్కువ. బడి ట్యాంకు సోమవారం, గురువారం. మీది గేరిల రెండో ఇంటామెకు కిడ్నీ పని జేస్తలేదు, దవాఖానకు పోయే రోజు మూడున్నరకే ఇడువాలె, మంగళవారం, శుక్రవారం. రాసినవా సారూ?"

"రాస్తున్నా."

"కింది గేరిల మూలింటోళ్లు నీళ్లొస్తే అరుస్తరు, రాకున్నా అరుస్తరు. పట్టించుకోవద్దు. అదీ రాయి."

"అది కూడానా?"

"అది తెల్వకనే ఇద్దరు సెక్రెటరీలు పరేషానయ్యిండ్రు."

వాల్వు ఎడమకు మూడున్నర చుట్లే తిప్పాలి, నాలుగో చుట్టుకు లోపలి మర పట్టు వదులుతుంది. వానాకాలంలో మొదటి ఐదు నిమిషాల నీళ్లు మురుగు మోరీలోకి వదిలేయాలి. ఎవరింట్లో పెళ్లున్నా ముందురోజే వచ్చి చెప్పాలి, చెప్పనివాళ్లకు ఇవ్వకూడదు, ఎందుకంటే ఒకరికి చెప్పకుండా ఇస్తే రేపు ఎవరూ చెప్పరు. కార్యదర్శులంతా చుట్టూ కూర్చున్నారు. ఎప్పుడు మొదలుపెట్టారో గానీ అందరి చేతుల్లోనూ పల్లికాయలున్నాయి, ఒలిచినవి ఒలిచినట్టు చేటలో పడుతున్నాయి. పాల్ చార్టును తిరగేసి దాని వెనక రెండు గేర్ల పటం గీశాడు. ఆమె చూసి రెండు తప్పులు దిద్దింది.

మొత్తం ఐదు పేజీలైంది. లక్ష్మీదేవమ్మ వేలిముద్ర వేసింది. జంగయ్య సంతకం చేసి, తేదీ వేసి, రాడ్డు అందుకుని, దాన్ని కాసేపు పట్టుకుని, నవ్యకిచ్చాడు. దండ మిగిలిపోయింది గదా అని పాల్ దాన్ని వాల్వుకు వేశాడు.

ఆ మరుసటి పొద్దున్నే లక్ష్మీదేవమ్మ రాయచూరు బస్సెక్కింది, పది రోజులకు.

నవ్య ఊళ్లోనే గది తీసుకుంది. మొదటి రోజే ఆమెకు ఒక సంస్కరణ తోచింది. మీది గేరివాళ్ల నిద్ర చెడటమెందుకని ముందు కింది గేరికి వదిలింది. ఏడున్నరకల్లా మీది గేరి ఆడవాళ్లు ఇరవైమంది బిందెలతో ఆమె గది ముందు నిలబడ్డారు. నవ్య రాయచూరుకు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, మీది గేరికి నీళ్లెక్కుతలేవు."

"ఎన్నింటికిడిసినవు?"

నవ్య చెప్పింది. అవతల నుంచి, "కాయితంల మొదటిదే గద బిడ్డా రాయించిన" అని వినిపించింది. వెనక ఎవరో నవ్వుతున్నారు.

ఆదివారం జంగయ్య చెప్పకుండానే దిగాడు. వాల్వు తిప్పడం ఆయనకు రాదు. కానీ కాగితాలు నడపడంలో ఆయనను మించినవాడు మూడు జిల్లాల్లో లేడు. నీళ్లు వదిలే మనిషి కావాలని ఫైలు తనే రాసి, తనే మోసుకుని, ఏ టేబుల్ దగ్గర ఎవరు టీ తాగడానికి ఎప్పుడు లేస్తారో లెక్క చూసుకుని తిరిగాడు. ఆ దారులన్నీ తప్పించుకోవడానికి నేర్చుకున్నవే. రెండు నెలల్లో మీది గేరి సాయిలుకు ఆ పని వచ్చింది. వారం రోజులు లక్ష్మీదేవమ్మ అతని పక్కన నిలబడి చుట్లు లెక్కపెట్టించింది.

రాజశేఖర్ ఆ కేసును ఆరు పేజీల్లో రాశాడు. ఐదు పేజీలు ఆమె చెప్పినవే. హైదరాబాదులోని పెద్ద సంస్థకు పంపితే, "ఈ కేసులో నాయకుడు ఎవరో స్పష్టంగా లేదు, సవరించి పంపగలరు" అని తిరిగొచ్చింది. ఒక సాయంత్రమంతా కూర్చుని చూశాడు. ఎక్కడ సవరించాలో తెలియలేదు. అలాగే ముప్పై కాపీలు తీయించి గద్వాల శిక్షణకు పట్టుకెళ్లాడు.

గద్వాలలో చర్చ పొద్దున పదింటికి మొదలై భోజనాల గంట కొట్టినా ఆగలేదు. తప్పు జంగయ్యదని కొందరు, ఆరుగురిదీ అని కొందరు, అసలు ఆమె వారం కాగానే రాడ్డు ఆఫీసులో పారేసి ఉండాల్సిందని ఒకరు. అలా అన్నవాడి మీద పక్క బెంచీ మొత్తం లేచింది. రాజశేఖర్ గోడకు ఆనుకుని విన్నాడు. చివర్లో ఏమైనా అడగాలా అంటే ముందు వరుసలోని ఒకతను, మా ఊళ్లోనూ ఇదే ట్యాంకు గొడవ సార్, ఆమె నంబరుందా అన్నాడు. రాజశేఖర్ ఆలోచించకుండా బోర్డు మీద రాసేశాడు.

నాలుగో రోజు అతనికి లక్ష్మీదేవమ్మ నుంచి ఫోన్ వచ్చింది.

"సారూ, గద్వాల దిక్కు నుంచి ఎవరెవరో జేస్తుండ్రు. ఒకాయన వాల్వు జామైందంటడు, ఒకామె సర్పంచు మాట ఇంటలేడంటది. పొద్దటి నుంచి పదమూడు ఫోన్లు."

"తప్పయిపోయిందమ్మా. చేయొద్దని చెప్తాను."

"చేయొద్దని ఎవరన్నరు? దినామూ అంటే నాతోని గాదంటున్న. బుధవారం మాపటియాళ్ల నాలుగింటికెల్లి ఆరుదాంక మాట్లాడ్త. గట్ల రాసి పంపియ్యి."

రాజశేఖర్ కాగితం తీసుకుని, బుధవారం, సాయంత్రం నాలుగు నుంచి ఆరు అని రాసుకున్నాడు.

"రాసినవా? ముందుగాల ఊర్ల ఎవరినైనా అడిగినంకనే నాకు ఫోన్ జేయమని చెప్పు. అదీ రాయి."